నాలుగు పిట్టలే మిగిలితే గుడ్లు ఎత్తుకెళ్లొచ్చా?

పిట్టలతో పని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కిందటి నెల ఈ శీర్షికలో కార్ల్ జోన్స్ గురించి రాశాను. చదవని వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్తాను. వేల్స్‌లో పుట్టి పెరిగిన ఈయన 1979లో హిందూ మహాసముద్రంలోని మారిషస్ దీవికి వెళ్లాడు. అక్కడ మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ ఉంది. 1974లో అడవిలో దాని లెక్క తీస్తే నాలుగు తేలాయి. ఆ డేగనీ, తర్వాత గులాబీ పావురాన్నీ, ఎకో చిలుకనీ అంతరించిపోకుండా ఆపిన పనిలో జోన్స్‌ది ముఖ్యమైన చెయ్యి. నలభై ఏళ్లకి పైగా అదే పని. 2016లో వన్యప్రాణి సంరక్షకులకి ఇచ్చే ఇండియానాపొలిస్ ప్రైజ్ వచ్చింది.

దాని మీద ఉత్తరాలు బాగానే వచ్చాయి. మెచ్చుకున్నవి దాచుకున్నాను. పోట్లాడినవీ, నిలదీసినవీ ఇక్కడ తీసుకుంటున్నాను. నేను శాస్త్రవేత్తని కాను. పక్షుల్ని పెంచే కేంద్రంలో, ఇంక్యుబేటర్ గదిలో ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. గుడ్లు, పిల్లలు, మేత నాకు చేతి పనిగా తెలిసినవి. మిగతాది చదివి తెలుసుకున్నది.

ప్రశ్న: మేడమ్, ప్రపంచం మొత్తానికి నాలుగు పక్షులే మిగిలాయంటారు. మళ్లీ వాటి గూట్లోంచి గుడ్లు తీసుకెళ్లారంటారు. చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. తల్లి దగ్గర నుంచి బిడ్డల్ని లాక్కోవడం కాదా అది? (ఒక గృహిణి)

జవాబు: మీకొచ్చిన సందేహమే అప్పట్లో పక్షి నిపుణుల్లోనూ చాలామందికి ఉండేదమ్మా. మిగిలినవే ఇన్ని, ముట్టుకుంటే ఉన్నవీ పోతాయి, అడవిని కాపాడి దూరంగా నిలబడదాం అనే వాదన గట్టిగా నడిచింది. వినడానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ ఆ నాలుగు పక్షులూ ఉన్న అడవిలో గూడు దోచే కోతులున్నాయి, ఎలుకలున్నాయి, ముంగిసలున్నాయి. మనం దూరంగా నిలబడితే అవి నిలబడవు కదా.

గుడ్లు తీయడంలో ఉన్న కిటుకు ఏమిటంటే, చాలా జాతుల్లో మొదటి విడత గుడ్లు పోతే ఆడపక్షి రెండు మూడు వారాల్లో మళ్లీ పెడుతుంది. పాము తిన్నా, గాలివానకి గూడు పోయినా అది చేసేది ఇదే. ఆ అలవాటునే మనుషులు వాడుకుంటారు. మొదటి విడతని తీసుకెళ్లి ఇంక్యుబేటర్లో పొదిగిస్తారు. రెండో విడతని తల్లికి వదిలేస్తారు. ఒక జంట నుంచి ఒకే ఏడాదిలో రెండు కాన్పుల పిల్లలు వస్తాయి.

రాసినంత తేలిక మాత్రం కాదు. గుడ్డుని ఎప్పుడు తీయాలన్నదే పెద్ద తలనొప్పి. పెట్టిన రోజే తీసుకొస్తే ఇంక్యుబేటర్లో సరిగ్గా పొదగదు. తల్లి ఒంటి వేడి తొలి వారం తగిలిన గుడ్డుకి ఫలితం బాగుంటుంది. అలాగని ఆలస్యం చేస్తే, పొదుగుడులో బాగా ముందుకెళ్లిన తల్లి ఆ ఏడాదికి మళ్లీ పెట్టకపోవచ్చు. మారిషస్ డేగ గూళ్లు ఉండేదేమో కొండ చరియల బొరియల్లో. తాడు కట్టుకుని అక్కడికి చేరాలి, గుడ్లు చెదరకుండా, చల్లబడకుండా దించాలి.

దించాక మా బోటివాళ్ల పని మొదలవుతుంది. 37.5 డిగ్రీల దగ్గర వేడిని కదలకుండా నిలబెట్టాలి. రోజూ గుడ్డుని తూచాలి. పొదిగే కాలంలో గుడ్డు బరువు సుమారు 15 శాతం తగ్గాలి, ఎందుకంటే లోపలి నీరు పెంకులోని సన్న రంధ్రాల్లోంచి ఆవిరవుతూ ఉంటుంది. సరిపడా తగ్గకపోతే పిల్ల లోపల ఉబ్బిపోయి తిరగలేదు, పెంకు పగలగొట్టలేదు. మరీ తగ్గితే ఎండిపోతుంది. తక్కెడ చూపించిన అంకెని బట్టి గాలిలో తేమ పెంచుతాం, తగ్గిస్తాం. చీకట్లో గుడ్డు వెనక లైటు పెట్టి చూస్తే ఎర్రటి నరాల వల, మధ్యలో కొట్టుకునే చుక్క కనిపిస్తాయి. ఒక్కోరోజు ఆ చుక్క కొట్టుకోదు. రిజిస్టర్లో ఆ గుడ్డు నంబరు ఎదురుగా రాసేసి పక్క గుడ్డు తీసుకోవాలి. ఇక కరెంటు పోయిందంటే, జనరేటర్ అందుకునే దాకా మా గదిలో ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు.

గుడ్లు తీసినందుకు జోన్స్ బృందం తల్లికి బదులు కూడా చెల్లించింది. మళ్లీ గుడ్లు పెట్టడం ఆడపక్షి ఒంటికి భారమే. అందుకే అడవిలోని డేగలకి తెల్ల ఎలుకల్ని మేతగా అందించేవారు. కొన్నాళ్లకి ఆ డేగలు మనిషి అలికిడి వినగానే వచ్చి, విసిరిన ఎలుకని గాలిలోనే అందుకోవడం నేర్చుకున్నాయి.

1993-94 సీజన్ ముగిసేసరికి, పదేళ్లలో 331 డేగల్ని అడవిలో వదిలారు. వాటిలో మూడో వంతు పంజరాల్లో పెంచిన జంటలకి పుట్టినవి. మిగతా రెండు వంతులూ అడవి గూళ్ల నుంచి ఎత్తుకొచ్చిన గుడ్ల నుంచి వచ్చినవే.

తల్లి పక్షికి ఏమీ అనిపించదని నేననను. ఖాళీ గూటి చుట్టూ అరుస్తూ తిరిగే పక్షుల్ని చూశాను. కొన్ని రోజులకి మగది తెచ్చిన మేత అందుకోవడమూ చూశాను. మీకు కడుపు తరుక్కుపోవడంలో తప్పేమీ లేదు. ఆ గుడ్లు తీయకపోయి ఉంటే ఇప్పుడు మనం మాట్లాడుకోవడానికి ఆ డేగే ఉండేది కాదు.

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ చదువుతున్నాను. మీ వ్యాసం చదివాక నాకు ఇదే పని చేయాలనిపిస్తోంది. ఏ డిగ్రీలో చేరాలి? మా నాన్న ఇంజినీరింగ్ తప్ప ఇంకో మాట వినడం లేదు. (ఒక విద్యార్థి)

జవాబు: బాబూ, మీ నాన్నగారికీ నీకూ మధ్య నేను దూరను. జోన్స్ ఏం చదివాడో, ఏం చేశాడో చెప్తాను.

చిన్నప్పుడే ఇంటి పెరట్లో గాయపడిన డేగల్నీ గుడ్లగూబల్నీ పెంచేవాడు. మామూలు కెస్ట్రెల్‌ని ఆ పెరట్లోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని తీయించాడు. పెరిగ్రిన్ డేగల్ని పంజరంలో పునరుత్పత్తి చేయించిన అమెరికన్ టామ్ కేడ్ ప్రసంగం ఒకటి విన్నాడు. మారిషస్ డేగ పరిస్థితి గురించి విన్నదీ అక్కడే. పాతికేళ్ల వయసులో ఆ దీవికి బయల్దేరాడు. డాక్టరేట్ వచ్చింది 1995లో, గులాబీ పావురం మీద చేసిన పరిశోధనకి. అంటే డేగల్ని వదలడం పూర్తయ్యాక. డిగ్రీలు అవసరం లేదని చెప్పడం లేదు. జువాలజీ, వైల్డ్‌లైఫ్ బయాలజీ, వెటర్నరీ, ఏదైనా పనికొస్తుంది. కానీ అడవి డేగ దగ్గర గుడ్డు తీసిన రోజున ఆయనకి అక్కరకొచ్చింది పెరట్లో నేర్చుకున్న విద్య.

నువ్వు అడగని విషయం కూడా చెప్తాను, ఎందుకంటే ఉత్సాహంలో దీన్ని ఎవరూ అడగరు. జోన్స్‌ని మారిషస్‌కి పంపినవాళ్లు అప్పగించిన పని, ఆ ప్రాజెక్టుని నెమ్మదిగా మూసేసి స్థానిక ప్రభుత్వానికి అప్పజెప్పి రావడం. డేగ మీద అప్పటికే కొన్నేళ్లుగా చేసిన ప్రయత్నాలు పెద్దగా ఫలించలేదు. డబ్బులు పెట్టేవాళ్లకి ఆశ పోయింది. ఈయన మూయలేదు. జెర్సీ దీవిలో రచయిత గెరాల్డ్ డరెల్ వన్యప్రాణుల కోసం పెట్టిన ట్రస్టూ, టామ్ కేడ్ స్థాపించిన పెరిగ్రిన్ ఫండూ అండగా నిలిచాయి. ఆ తర్వాత కూడా ఒక దాత ఈ ఏడాదికి ఇస్తే వచ్చే ఏడాదికి ఏమిటన్న బెంగ ఈ రంగంలో ఎప్పుడూ ఉంటుంది. జీతం తక్కువ. పండగలకి సెలవు దొరకదు, ఎందుకంటే పక్షులు మన పండగలు చూసుకుని గుడ్లు పెట్టవు. ఫోటోల్లో కనిపించే పని, అంటే పక్షిని చేతిలోంచి ఎగరేయడం, ఏడాదికి కొద్ది నిమిషాలు. మిగతా కాలమంతా పంజరాలు కడగడం, మేత తూచడం, రిజిస్టర్ రాయడం.

ఇది చదివాక కూడా ఇష్టం పోకపోతే ఇవాళే మొదలుపెట్టు. ఇంటి చుట్టుపక్కల ఏదో ఒక్క జాతి పిట్టని ఎంచుకో. ఎప్పుడు గూడు కడుతుంది, ఏం తెస్తుంది, ఎన్ని పిల్లలు ఎగిరాయి, ఏడాది పొడుగునా తేదీ వేసి రాసుకో. ఆ నోట్‌బుక్ పట్టుకొచ్చిన కుర్రాణ్ణి ఈ పని తెలిసిన ఎవరూ వెనక్కి పంపరు. అన్నట్టు, కాండోర్ రాబందులకి తగిలించే ట్రాన్స్‌మిటర్లు తయారుచేసేదీ, ఇంక్యుబేటర్లు బాగుచేసేదీ ఇంజినీర్లే. ఈ మాట మీ నాన్నగారికి చెప్పి చూడు.

ప్రశ్న: బలమైనది బతుకుతుంది, బలహీనమైనది పోతుంది. ఇది ప్రకృతి ధర్మం. డైనోసార్లు పోయినప్పుడు ఎవరు కాపాడారు? ఎక్కడో దీవిలో ఎవరూ చూడని డేగ కోసం ఇంత డబ్బు తగలేయడం అవసరమా? (ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, ఈ ప్రశ్న ప్రతి నెలా ఎవరో ఒకరు అడుగుతారు. మీరు కాస్త మర్యాదగా అడిగారు.

ఆ డేగ బలహీనమైనది కాదు. ఆ అడవిలో బల్లుల్ని వేటాడటంలో దాన్ని మించింది లేదు. పొట్టి రెక్కలతో చెట్ల మధ్య మలుపులు తిరుగుతూ పచ్చ బల్లుల్ని పట్టడానికే తయారైన పక్షి అది. దాన్ని ఓడించింది ప్రకృతి కాదు. ఓడల్లో వచ్చిన మనుషులు కోతుల్నీ ఎలుకల్నీ దించారు. 1900 ప్రాంతంలో ఎలుకల్ని అదుపు చేస్తాయని ముంగిసల్ని తెచ్చి వదిలారు. అవి ఎలుకలతో పాటు పిట్టల్నీ తిన్నాయి. చెరకు కోసం అడవి నరికారు. మంచి స్థితిలో ఉన్న సహజ అడవి అక్కడ రెండు శాతం కూడా మిగల్లేదు. పైగా మలేరియా దోమల కోసం 1950, 60లలో డీడీటీ చల్లారు. డీడీటీ వేటాడే పక్షుల ఒంట్లో పేరుకుంటే గుడ్డు పెంకు పల్చబడి, తల్లి పొదగబోతే దాని బరువుకే పగులుతుంది. వీటిలో ఏ ఒక్కటీ డైనోసార్ల కాలంలో లేదు. మనం పెట్టిన మంటని ఆర్పడానికి మనం నీళ్లు మోస్తే, అది ప్రకృతి పనిలో వేలు పెట్టడం ఎలా అవుతుంది?

డబ్బు సంగతి. ఆ దీవి దగ్గరే ఐల్ ఒ జైగ్రెట్ అనే చిన్న దీవి ఉంది. అక్కడ ఎబొనీ చెట్లున్నాయి. ఎబొనీ మన తునికి చెట్టు బంధువు. ఆ చెట్ల పండ్లు తిని గింజల్ని దూరంగా వేసేవి ఒకప్పటి రాకాసి తాబేళ్లు. మారిషస్ తాబేళ్లు డోడో పక్షి లాగే మనుషుల రాకతో అంతరించాయి. పండ్లు చెట్టు కిందే కుళ్లిపోయేవి. జోన్స్, ఆయన సహచరులు 2000లో ఆల్డబ్రా దీవుల తాబేళ్లని తెచ్చి అక్కడ వదిలారు. వేరే జాతి తాబేలు, కానీ అదే పని చేస్తుంది. తాబేలు పొట్టలోంచి వచ్చిన గింజలు మామూలు గింజల కన్నా బాగా మొలిచాయి. 2007లో మారిషస్‌దే ఇంకో చిన్న దీవి రౌండ్ ఐలాండ్‌లోనూ అదే చేశారు. అంతకుముందే 1986కల్లా అక్కడి మేకల్నీ కుందేళ్లనీ పూర్తిగా తీసేయడంతో నేల మళ్లీ పచ్చబడటం మొదలైంది. ఒక్క డేగ కోసం మొదలైన ఖర్చు చివరికి చెట్లకీ, బల్లులకీ, దీవులకీ చేరింది. డేగని చూసి డబ్బు ఇచ్చినవాళ్లు బల్లిని చూసి ఇస్తారా అంటే నాకు నమ్మకం లేదు, అది వేరే సంగతి.

ప్రశ్న: నాలుగు పక్షుల నుంచి వందలు పుట్టాయంటే అన్నీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే కదా. రక్తసంబంధంలో పుట్టిన పిల్లలకి లోపాలు రావా? (ఒక నర్సు)

జవాబు: వస్తాయి. ఈ మాట దాచడం నాకిష్టం లేదు. మ్యూజియంలలో దాచిన పాత మారిషస్ డేగల చర్మాలతో ఇప్పటివాటిని పోల్చి చూస్తే, జన్యు వైవిధ్యం సగానికి పైగా పోయిందని తేలింది. పోయింది మళ్లీ రాదు. గులాబీ పావురాల విషయంలో కొంత అదృష్టం ఉంది. 1990ల మొదట్లో అడవిలో పది దాకా మిగిలాయి, ఇప్పుడు వందల్లో ఉన్నాయి. అయినా గుడ్లు పొదగకపోవడం, పిల్లలు చిన్నప్పుడే పోవడం లాంటి ఇబ్బందులు వెంటాడుతూనే ఉన్నాయి. విదేశీ జూలలో పెరుగుతున్న పావురాల్లో, అడవి పావురాలు పోగొట్టుకున్న జన్యు రకాలు కొన్ని మిగిలే ఉన్నాయి. వాటిని మళ్లీ కలపడం ఇప్పటి పని.

ఇంతకన్నా ఇరుకైన సందులోంచి బయటపడిన పిట్ట ఒకటుంది. న్యూజిలాండ్‌కి చెందిన చాథమ్ దీవుల నల్ల రాబిన్. 1980లో మొత్తం అయిదు మిగిలాయి. గుడ్లు పెట్టగలిగిన ఆడది ఒక్కటే. కాలికి నీలం రింగు ఉండేది కాబట్టి ఓల్డ్ బ్లూ అని పిలిచారు. డాన్ మెర్టన్ అనే ఆయన దాని గుడ్లు తీసి, టామ్‌టిట్ అనే వేరే జాతి పిట్టల గూళ్లలో పెట్టి పొదిగించాడు. ఇవాళ బతికున్న నల్ల రాబిన్లన్నీ, 250కి పైగా, ఆ ఓల్డ్ బ్లూ సంతానమే. అంత దగ్గర సంబంధాలైనా జాతి నిలబడింది.

ఆ కథలో నన్ను ఆశ్చర్యపరిచేది ఇంకో సంగతి. కొన్ని ఆడ రాబిన్లు గుడ్డుని గూటి లోపల కాకుండా అంచు మీద పెట్టేవి. అంచు మీది గుడ్డు పొదగబడదు. కాపలా ఉన్నవాళ్లు ఒక్క గుడ్డూ పోకూడదని దాన్ని లోపలికి నెట్టేవారు. వాళ్ల స్థానంలో నేనున్నా అదే చేస్తాను. కానీ ఆ అలవాటు వంశపారంపర్యం. నెట్టిన గుడ్లలోంచి అదే అలవాటున్న పిల్లలు వస్తూ పోయాయి. 1989 నాటికి ఆడపక్షుల్లో సగానికి పైగా అంచు మీద పెట్టేవే అయ్యాయి. అలాగే సాగితే మనిషి చేయి లేకుండా ఆ జాతికి పిల్లలే పుట్టరు. నెట్టడం ఆపేశారు. తర్వాత ఆ అలవాటు దానంతట అదే బాగా తగ్గిపోయింది. మీరు నర్సు కాబట్టి మీకు చెప్పక్కర్లేదు, సాయం ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా వైద్యంలో భాగమే.

ప్రశ్న: మనుషులు పెంచిన పిల్లలు మనుషుల్నే అమ్మానాన్నలు అనుకోవా? (పేరు రాయలేదు)

జవాబు: అనుకుంటాయి, దానివల్ల చాలా చిక్కులు వస్తాయి. అమెరికాలో హూపింగ్ క్రేన్ అనే అయిదడుగుల కొంగ ఉంది. 1941లో అడవిలో 21 మిగిలాయి. టెక్స్ అనే ఆడకొంగని జూలో మనుషులే పెంచడంతో దానికి మగకొంగలంటే గిట్టేది కాదు, మగవాళ్లంటేనే ఇష్టం. కొంగలు జతకట్టే ముందు నాట్యం చేస్తాయి, ఆ నాట్యం లేకపోతే దాని ఒళ్లు గుడ్లు పెట్టడానికి సిద్ధపడదు. జార్జ్ ఆర్చిబాల్డ్ అనే శాస్త్రవేత్త 1976 నుంచి దానితో కాపురమున్నట్టే ఉన్నాడు. వసంతం రాగానే ఎగిరి గంతులేస్తూ దానితో నాట్యం చేసేవాడు. గూడు కట్టడానికి పుల్లలు అందించేవాడు. గుడ్డు ఫలించడానికి కృత్రిమ గర్భధారణ చేసేవారు. ఏళ్ల తరబడి గుడ్లు పొదగలేదు. 1982లో ఒక్క పిల్ల పుట్టింది. అది పుట్టిన కొద్ది వారాలకే టెక్స్‌ని రకూన్లనే అడవి జంతువులు చంపేశాయి. పిల్ల మాత్రం పెరిగి, తర్వాత చాలా కొంగలకి తండ్రయ్యాడు.

ఇలాంటివి చూశాకే పద్ధతులు మారాయి. కాలిఫోర్నియా కాండోర్ పిల్లలకి రాబందు తల ఆకారంలో చేసిన తోలుబొమ్మని చేతికి తొడుక్కుని మేత పెడతారు. మనిషి ముఖం కనపడదు, గొంతు వినపడదు. వేరే జాతి పక్షికి దత్తు ఇవ్వడం కూడా అన్నిసార్లూ పనికిరాదు. హూపింగ్ క్రేన్ గుడ్లని శాండ్‌హిల్ కొంగల గూళ్లలో పెట్టి పెంచితే, పిల్లలు చక్కగా పెరిగాయి, పెంపుడు తల్లుల వెంట వలస కూడా వెళ్లాయి. కానీ పెద్దయ్యాక తమ జాతితో జతకట్టలేదు. ఆ ప్రయోగాన్ని ఆపేయాల్సి వచ్చింది. గులాబీ పావురాలకి మాత్రం బార్బరీ పావురాలు మంచి పెంపుడు తల్లులయ్యాయి. ఏ జాతికి ఏది నప్పుతుందో పుస్తకం చూసి ముందే చెప్పడం కష్టం.

ప్రశ్న: అంతా జోన్స్ ఒక్కడే చేసినట్టు రాశారేం? (ఒక జర్నలిస్టు)

జవాబు: ఒక్కడే చేయలేదు. ఆయన రాకముందే, 1973లో స్టాన్లీ టెంపుల్ అనే శాస్త్రవేత్త ఆ డేగల మీద పని మొదలుపెట్టాడు. మారిషస్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ సిబ్బంది, ప్రభుత్వ అటవీ ఉద్యోగులు, రోజూ మేత బుట్ట మోసిన వాలంటీర్లు లేకపోతే ఏదీ జరిగేది కాదు. కానీ మిగతావాళ్లు వస్తూ పోతూ ఉన్నప్పుడు ఒకరు దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోవడం వల్ల ఏ చెట్టు తొర్రలో ఏ చిలుక ఏ ఏడాది ఏం చేసిందో గుర్తుండే మనిషి ఒకరు దొరికారు. నేను ఆయన గురించి రాసింది అందుకే.

ప్రశ్న: డేగలు నాలుగు నుంచి వందలయ్యాయి కదా. ఇక పని అయిపోయినట్టేనా? (ఒక బ్యాంకు ఉద్యోగి)

జవాబు: అయిపోయిందనే అనుకున్నారు. 1990ల మధ్యలో డేగల్ని పెంచి వదలడం ఆపేశారు. ప్రపంచమంతా దాన్ని విజయగాథగా చెప్పుకుంది, అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ జాబితాలో దాని ప్రమాద స్థాయి కూడా తగ్గించారు. 2014లో మళ్లీ పెంచి 'ఎండేంజర్డ్' వర్గంలోకి తెచ్చారు. కోతులు, ఎలుకలు, పిల్లులు అక్కడే ఉన్నాయి. గూళ్లకి పనికొచ్చే ముసలి చెట్లు తక్కువే ఉన్నాయి. మనుషులు చెయ్యి తీయగానే సంఖ్య జారడం మొదలైంది.

ఎకో చిలుక విషయంలో అలా చేయలేదు. 1980లలో పదీ పన్నెండుకి పడిపోయిన చిలుక అది. గూట్లో రెండు మూడు పిల్లలు పుడితే తల్లి సాధారణంగా ఒకదాన్నే పెంచగలదు. మిగతావి చచ్చిపోయేవి. వాటిని ముందే తీసి, గుడ్లు పాడైపోయిన జంటల గూళ్లలో పెట్టారు, కొన్నింటిని చేత్తో పెంచారు. పెట్టె గూళ్లు కట్టారు, తొర్రలు బాగుచేశారు, మేత గిన్నెలు పెట్టారు. 2004-05 ప్రాంతంలో ముక్కు, ఈకలు పాడుచేసే వైరస్ వచ్చి చాలా చిలుకలు పోయాయి. అది దాటుకుని 2019కి 750 దాటాయి, ప్రమాద స్థాయి తగ్గింది. అక్కడ మేత గిన్నెలు ఇంకా నింపుతున్నారు, పెట్టె గూళ్లని ఇంకా బాగుచేస్తున్నారు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నా అభిప్రాయం ఇది: అడవి మళ్లీ పెరిగి, గూడు దోచే జంతువులు అదుపులోకి వచ్చే దాకా గిన్నె తీయకూడదు. ఎన్నాళ్లని అడిగితే, ఇప్పుడు నాటిన చెట్టుకి తొర్ర పడేదాకా. జాబితాలో వర్గం మారిన రోజే దాతలు వెళ్లిపోతారు. ఈ రంగంలో నాకు బాగా కోపం తెప్పించే సంగతి అదే.

ప్రశ్న: మా బాల్కనీ కింద ఒక పిచ్చుక పిల్ల పడి ఉంది. జోన్స్ గారిలా ఇంక్యుబేటర్ లాంటిది తయారుచేసి పెంచుదామని మా పిల్లల గోల. ఏం చేయమంటారు? (ఇద్దరు పిల్లల తల్లి)

జవాబు: ఈ ఉత్తరం నా చేతికి వచ్చేసరికి ఆ పిల్ల సంగతి తేలిపోయే ఉంటుంది. ఇంకోసారి పడితే పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఈకలు చూడండి. ఒళ్లంతా ఈకలొచ్చి, గెంతుతూ ఉంటే అది పడిపోయింది కాదు, ఎగరడం నేర్చుకుంటోంది. తల్లి దగ్గర్లోనే ఉంటుంది. పిల్లినీ కుక్కనీ మాత్రం దూరంగా ఉంచి, మీరూ లోపలికి వెళ్లిపోండి. మీరు నిలబడి చూస్తూ ఉంటే తల్లి దిగదు. ఈకలు లేకుండా ఎర్రగా ఉంటే గూటిలో తిరిగి పెట్టేయండి. మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందనేది ఒట్టి మాట. గూడు అందకపోతే చిన్న బుట్టలో మెత్తటి గుడ్డ వేసి, గూటికి వీలైనంత దగ్గరగా కట్టండి. గాయం ఉన్నా, ఒళ్లు చల్లబడినా అట్టపెట్టెలో వెచ్చగా ఉంచి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

నోట్లో నీళ్లు పోయకండి. పిట్టకి గాలి గొట్టం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది, చుక్క అటు జారినా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పాలు అసలే వద్దు, పక్షులకి అవి అరగవు.